మా అమ్మాయి క్రెడిట్లూ, నేను ఇచ్చేసిన వంతూ

విశ్వవిద్యాలయ ప్రవేశాల, క్రెడిట్ల విభాగపు అధికారి గారి సముఖమునకు,
బస్టాండు వెనుక సందులోని సెలూన్ యజమాని, అనగా అభ్యర్థిని తండ్రి, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా అమ్మాయికి సీటు వచ్చినందుకు పట్టరాని ఆనందము తెలియజేయుట గురించి, మరియు సాయంకాలం కాలేజీలో ఆమె సంపాదించుకున్న క్రెడిట్లను లెక్కలోకి తీసుకొని ఆమెను నేరుగా రెండో ఏడులో కూర్చోబెట్టవలసినదిగా కోరుట గురించి, మరియు జరిగిన పొరపాటు అభ్యర్థినిది కాదు, తండ్రిది అని ఒప్పించుట గురించి.

(విషయం ఒక్క ముక్కలో ఉండాలని మా ఆవిడ అంటోంది. ఇంతకంటే కుదించడం నా వల్ల కాలేదు. జుట్టయితే ఎంత పొట్టిగా అంటే అంత పొట్టిగా చేస్తాను గానీ, సంతోషాన్ని కత్తిరించడం నాకు చేతకాదు.)

పై విషయమును పురస్కరించుకొని తమకు సవినయముగా మనవి చేయునది ఏమనగా:

1. నేను పైన చెప్పిన సందులో చాలా కాలముగా సెలూన్ నడుపుచున్నాను. రెండు కుర్చీలు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక పొడుగు బల్ల, గోడంతా అద్దం. ఒక కుర్చీ నాది, రెండోది మా అమ్మాయిది. ఇక పిల్లలు పుట్టరులే అని ఊయల కొయ్య మీద బట్టలు ఆరేసుకుంటున్న కాలంలో పుట్టిన పిల్ల. మమ్మల్ని పక్కపక్కన చూసినవాళ్ళు 'మనవరాలా?' అని అడుగుతారు. 'కాదు, ఆలస్యంగా వచ్చిన బండి' అంటాను. నా చేయి వణకడం మొదలైనప్పటి నుంచి కత్తెర నాది, కత్తి ఆమెది. అనగా కటింగులు నేను, గడ్డాలు ఆమె. మొదట్లో ఆడపిల్ల చేతికి గొంతు అప్పగించడానికి జంకినవాళ్ళే ఇప్పుడు ఆమె కుర్చీ ఖాళీ అయ్యేదాకా నా కుర్చీ వంక కన్నెత్తి చూడరు. ఇది ఫిర్యాదు కాదు, గొప్ప చెప్పుకోవడం. పొరపాటున ఫిర్యాదుల అంకెల్లో పడింది.

2. మా అమ్మాయి ఈ చదువే ఎందుకు కోరుకున్నదో తమరు తెలుసుకోవడం అవసరమని భావించి వ్రాయుచున్నాను. మా షాపుకు పాత కండక్టరు గారని ఒక పెద్దమనిషి వస్తారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయన కేక వేస్తే తన బస్సే కాదు, వెనకాల వచ్చే లారీ కూడా ఆగేదట. అంతటి గొంతు పక్షవాతంతో మూగబోయింది. మా అమ్మాయి ఆయన గడ్డానికి నురగ పూస్తూ, 'మామయ్యా, ఆ అనండి. ఇప్పుడు ఊ అనండి. పెదవులు బిగించి మ్‌మ్ అనండి చూద్దాం' అనేది. అలా అంటే చర్మం బిగుసుకొని కత్తి సాఫీగా నడుస్తుందని ఆయనకు చెప్పింది. నేనూ నమ్మాను. అలా చాలా కాలం గడిచింది. ఒకరోజు ఆయన మీసం కాస్త సర్దుదామని నేను కత్తెర పట్టుకొని దగ్గరకు వెళ్ళానో లేదో, ఆయన 'మీసం!' అని గట్టిగా అరిచారు. బల్ల మీద ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నేను కత్తెర కింద పడేశాను. మా అమ్మాయి మాత్రం నురగ చేతులతోనే ఆయన రెండు చెంపలూ పట్టుకొని, 'ఇంకోసారి అనండి మామయ్యా, ఇంకోసారి' అని అడిగి అడిగి అనిపించుకున్నది.

పోయిన మాటను తిరిగి తెప్పించే చదువు ఒకటి ఉందని, దాని పేరు స్పీచ్ థెరపీ అని నాకు ఆ రోజే చెప్పింది. 'నాన్నా, నేనిదే చదువుతాను' అంది. 'వాగేవాళ్ళ నోరు మూయించే చదువు కూడా ఉందేమో కనుక్కోమ్మా, మన షాపుకు అర్జంటుగా కావలసింది అదీ' అన్నాను. అలాంటిది లేదట.

3. షాపు కుర్చీలకు గుడ్డ కప్పాక మా అమ్మాయి సాయంకాలం కాలేజీకి వెళ్ళేది. శరీర నిర్మాణం, ధ్వని, మనస్తత్వం, ఇంకా నాకు నోరు తిరగనివి కొన్ని చదివి పాసైంది. పాసైన ప్రతి దానికీ క్రెడిట్లు ఇచ్చారు. పెద్ద చదువుకు పోయినప్పుడు అవి చూపిస్తే చదివిందే మళ్ళీ చదవనక్కర్లేదట. ఏది దేనికి సరిపోతుందో మా అమ్మాయి అద్దం మూలన సబ్బుముక్కతో రాసిపెట్టింది. ఎడమవైపు సాయంకాలం కాలేజీ పాఠం, కుడివైపు తమ పాఠం, మధ్యన ఒక గీత. గడ్డానికి కూర్చున్నవాడు తల తిప్పకూడదు కదా, ఎదురుగా ఉన్నది చదవక ఏం చేస్తాడు? అందరికీ నోటికి వచ్చేసింది. బస్టాండులో మూటలు మోసే ఆయన, 'ఏమ్మా, మన ధ్వని వాళ్ళ ధ్వనికి సరిపోతుందన్నారా, లేదా?' అని అడిగితే గానీ కుర్చీ ఎక్కేవాడు కాదు.

ఆ గీతలన్నీ కలిపి చెప్పేది ఒకటే. తమ గడప తొక్కకముందే మా అమ్మాయి మొదటి ఏడు చదువు ముగించింది. మూడేళ్ళ చదువు రెండేళ్ళలో తేలుతుంది. ఆ రెండేళ్ళూ షాపులో కత్తి పట్టడానికి మా బావమరిది ఒప్పుకున్నాడు. 'రెండేళ్ళే, బావా. తర్వాత నాకు సొంత షాపుంది. నీ మొహమాటం చూసి మూడో ఏడు ఉండను' అని ముందే తేల్చేశాడు. చదువయ్యాక మా అమ్మాయి తిరిగి వచ్చి పొద్దున గడ్డాలు, మధ్యాహ్నం మాటలు చూసుకుంటుంది. ఇదీ మా లెక్క.

4. ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. అంతకుముందు మా షాపు పద్ధతి ఒకటి తమకు తెలియాలి. బల్ల మీద ఎవరు ముందు కూర్చుంటే వాళ్ళదే ముందు వంతు. అయితే బస్సు తప్పిపోతుందని కంగారుపడేవాడో, ఒళ్ళో పిల్లతో వచ్చినవాళ్ళో ఉంటే, వంతు వచ్చినవాడు 'ముందు మీరు కానివ్వండి, నాకేం తొందర' అని మళ్ళీ కూర్చుంటాడు. అలా అన్నవాడికి పోయేదేమీ లేదు. కుర్చీ ఎక్కడికీ పోదు. తర్వాత ఎక్కేది అతనే. నా చిన్నప్పటి నుంచి ఇదే చూశాను, ఇదే నేర్పాను. వంతు ఇవ్వనివారు మా షాపు మొత్తంలో ఒక్కరే, కండక్టరు గారు. మాట పోతే పోయింది గానీ వంతు పోకూడదన్నట్టు ముందే వచ్చి బల్ల అంచు పట్టుకొని కూర్చుంటారు.

తమ హాల్లో సీట్లు ఇచ్చే రోజున నేనూ మా అమ్మాయీ పెందలాడే వచ్చి కూర్చున్నాము. మైకులో పిలుస్తున్నారు. ఒక కాగితం నకలు తక్కువైందని మా అమ్మాయి జిరాక్సుకు పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే మైకులో ఆమె పేరు వినబడింది. అయ్యా, ఆ పేరు పెట్టింది నేను. అంత పెద్ద హాల్లో, అంత పెద్ద గొంతుతో అది వినబడేసరికి లేచి నిలబడ్డాను. పక్కన కూర్చున్న ఆయనతో, 'ఆ పేరు నేనే పెట్టానండీ' అని చెప్పాను. 'బాగుందండీ' అన్నాడు పాపం.

సీట్లు ఇచ్చే బల్ల దగ్గరకు వెళ్ళి 'నేను తండ్రిని, అమ్మాయి ఇప్పుడే వస్తుంది' అన్నాను. నా వెనకాల ఒక చిన్నపిల్ల, మా అమ్మాయి ఈడుదే, భుజాన చంటిదాన్ని వేసుకొని నిలబడి ఉంది. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ తల్లి గడియారం చూసుకొని, 'ఈ బస్సు కూడా పోయినట్టే' అని తనలో తాను అనుకుంది. అంతే. నా నోరు నన్ను అడగలేదు. 'ముందు మీరు కానివ్వమ్మా, మాకేం తొందర' అనేశాను.

బల్ల దగ్గరి గుమస్తా గారు తలెత్తి, 'ఏమండీ, ఆలోచించుకొనే అంటున్నారా?' అన్నారు.

'ఇందులో ఆలోచించేదేముందండీ, పాప ఏడుస్తోంది' అన్నాను.

ఆ తల్లి సంతకం చేసి బయటికి వచ్చేసరికి గుమస్తా గారు సీట్లు పూర్తి అన్న బోర్డు పెట్టారు. మా షాపులో వంతు ఇస్తే కుర్చీ మిగులుతుంది. తమ దగ్గర వంతుతో పాటు కుర్చీ కూడా వెళ్ళిపోతుందని నాకు తెలియదు. మా అమ్మాయి ఇంకా వేడిగా ఉన్న కాగితాలు పట్టుకొని ఆయాసపడుతూ వచ్చింది. జరిగింది చెప్పాను.

'నాన్నా, ఇది సెలూన్ కాదు నాన్నా' అంది. నా పక్కన కూర్చొని కాగితాలు సర్దుకుంది. తర్వాత, 'పాప బాగా ఏడ్చిందా?' అని అడిగింది.

'గుక్క తిప్పుకోలేదమ్మా.'

'అయితే సరేలే' అని లేచింది.

(ఆ మధ్యలో తమరు ఒకసారి లోపలి గదిలోంచి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డారు. అప్పుడు నేను తమలో గమనించిన విషయం ఒకటి ఉన్నది. అది చివర మనవి చేస్తాను.)

5. ఈ అంకె కింద మొదట మా ఆవిడ అభిప్రాయం వ్రాశాను. ప్రభుత్వ కాగితంలో అలాంటి మాటలు ఉండకూడదని ఆవిడే కొట్టేయించింది. 'మీ చేతికి ఎముక లేదని పెళ్ళైన కొత్తలోనే తెలుసు. నోటికి కూడా లేదని ఇప్పుడు తెలిసింది' అన్న ఒక్క ముక్క మాత్రం ఉంచనిచ్చింది.

6. ఆ రోజు నుంచి మా అమ్మాయి పేరు ఎదురుచూసేవాళ్ళ వరుసలో చేరింది. ఎవరైనా సీటు వద్దనుకుంటే ఫోనుకు కబురు పంపుతామన్నారు. ఆ ఫోనును పౌడరు డబ్బా పక్కన నిలబెట్టాము. అది టింగుమంటే షాపులో రెండు కుర్చీలూ ఆగిపోయేవి. తీరా చూస్తే ఎవడో రంగులు అమ్ముతామని, ఎవడో లోన్ ఇస్తామని. మూటలు మోసే ఆయన ఫోనుకు కూడా అదే మోత. అది మోగినప్పుడల్లా అందరం ఆయన్ని తిట్టేవాళ్ళం. 'నా ఫోను మోగడం కూడా తప్పేనా?' అని అలిగి, చివరికి దాన్ని ఇంట్లోనే పెట్టి రావడం మొదలుపెట్టాడు. అయ్యా, ఎదురుచూడడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నా బల్ల మీద ఇంతకాలం అంతమంది కూర్చొని చేస్తున్న పని అదేనని, అది తేలిక పని కాదని అర్థమైంది. ఆ వారంలోనే బల్ల మీద మెత్తటి పరుపు వేయించాను.

7. నిన్న పొద్దున కబురు వచ్చింది. వచ్చింది! నేను ఇన్సూరెన్సు ఏజెంటు గారి మీసం సర్దుతున్నాను. మా అమ్మాయి ఫోను చూసి, 'నాన్నా' అంది. నాకు అర్థమైపోయింది. ఏజెంటు గారిని మెడలో గుడ్డతో సహా కావలించుకున్నాను. చేతిలో కత్తెర ఉన్న సంగతి మరిచాను. వదిలి చూస్తే మీసం సగమే ఉంది. జత కుదర్చడానికి మిగతా సగం కూడా తీసేయవలసి వచ్చింది. ఆయన మంచివారు. 'ఫరవాలేదండీ, ఈ సంతోషానికి ఇంకో మీసం ఉన్నా ఇచ్చేవాణ్ణి' అన్నారు. ఇంటికి వెళితే వాళ్ళావిడ 'ఎవరు కావాలండీ?' అని అడిగిందట. సందులో ఎదురుపడిన ప్రతి మనిషికీ చెప్పాను. తెలియనివాళ్ళకు కూడా చెప్పాను. ఒకాయన 'అభినందనలు, ఎవరికి?' అన్నాడు. మా ఆవిడ ఏడుస్తూ నవ్విందో నవ్వుతూ ఏడ్చిందో ఇప్పటికీ తేలలేదు.

8. ఇక బాధ. నిన్న మధ్యాహ్నమే మా అమ్మాయి తమ క్రెడిట్ల కిటికీ దగ్గరకు వెళ్ళింది. అక్కడి మేడమ్ గారు కంప్యూటరు చూసి, 'హాల్లో సీటు తీసుకున్నవాళ్ళ క్రెడిట్లే లెక్క వేస్తామమ్మా. నీ పేరు ఎదుట, పిలిచినా ఆసక్తి చూపలేదు అని రాసి ఉంది. తర్వాత వచ్చినవాళ్ళు మొదటి ఏడు నుంచి చదవాల్సిందే' అని చెప్పారట.

ఆసక్తి చూపలేదట! సాయంకాలం కాలేజీకి వెళ్ళి వచ్చి, అన్నం ముందు కూర్చొని కూడా పెదవులు బిగించి మ్‌మ్ అని సాధన చేసిన పిల్ల!

తిరిగి షాపుకు వచ్చింది. తువ్వాలు తడిపి అద్దం మూలన రాసింది మొత్తం తుడిచేసింది. 'మూడేళ్ళయితే వద్దు నాన్నా. మూడో ఏడు కత్తి ఎవరు పడతారు? నీ చేతికిచ్చి నేను అక్కడ కూర్చొని ఏం చదవను?' అంది. ఈ వారంలోగా చేరుతున్నదీ లేనిదీ ఫోనులో నొక్కి చెప్పాలట. ఆ పిల్ల వేలు 'లేదు' వైపే ఉంది. అందుచేత ఆఘమేఘాల మీద ఈ అర్జీ వ్రాయుచున్నాను.

9. తమరు పెద్ద చదువులు చదివినవారు, తమకు చెప్పేటంతటివాణ్ణి కాదు. మా వృత్తి మాట ఒక్కటి మాత్రం మనవి చేస్తాను. సగం గడ్డం వేరే షాపులో గీయించుకొని, ఏదో తొందర వచ్చి లేచిపోయి, తర్వాత మా దగ్గరకు వచ్చేవాళ్ళు అప్పుడప్పుడు ఉంటారు. మిగిలిన సగం గీసి పంపిస్తాము. ఆ షాపువాడు గీసింది లెక్కలోకి రాదు, వెంట్రుకలు మళ్ళీ మొలిపించుకొని రా, మొత్తం మేమే గీస్తాం అనము. మొదటి నుంచి గీస్తామని పట్టుబట్టి నున్నటి చెంప మీద మళ్ళీ కత్తి పెడితే ఏమవుతుందో తమకు తెలియనిది కాదు. తెగుతుంది.

10. కావున తమను ప్రార్థించునది:

(అ) మా అమ్మాయి క్రెడిట్లను లెక్కలో వేసుకొని ఆమెను రెండో ఏడులో చేర్చుకొనవలెను.

(ఆ) ఆసక్తి చూపలేదు అన్న మాటను ఆమె పేరు ఎదుట నుంచి తొలగించి, ఏదో ఒకటి రాసి తీరవలసి ఉంటే, తండ్రికి పద్ధతి తెలియదు అని రాసుకొనవలెను. నాకు అభ్యంతరము లేదు.

(ఇ) ఇది మరీ ముఖ్యము. దీనివల్ల ఆ చంటిపాప తల్లి సీటుకు ఏ విధమైన ఇబ్బందీ రాకూడదు. వంతు ఇచ్చాను. ఇచ్చిన వంతు వెనక్కి అడగడం మా షాపులో లేదు, మా ఇంట్లో లేదు. ఆమెను ఎక్కడైనా చూస్తే పాప నిద్రపోతోందా అని మా ఆవిడ అడగమన్నదని చెప్పగలరు.

ఇన్ని మాటలు రాసినందుకు మన్నించి, మాటలు పోయినవాళ్ళకు మాట తెప్పించబోయే మా అమ్మాయి పట్ల దయ ఉంచి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
సీటు వచ్చిన అమ్మాయి తండ్రి
(సంతకం వంకరగా ఉన్నది సంతోషం వల్ల కొంత, చేతి వణుకు వల్ల కొంత)

తా.క.: అయ్యా, ఇది మడుస్తుండగా మా అమ్మాయి చూసింది. 'ఎవర్నడిగి రాశావు?' అని లాక్కొని నిలబడి మొత్తం చదివింది. నవ్వకూడదనుకుంది గానీ మీసం దగ్గర ఆగలేకపోయింది. ఆ తర్వాత బల్ల మీదివాళ్ళు, మాకూ చదివి వినిపించమని గొడవ చేశారు. తొమ్మిదో అంకెకు అందరూ చప్పట్లు కొట్టారు. మూటలు మోసే ఆయన లేచి, సబ్బుముక్క తీసుకొని, 'ధ్వని ఎడమవైపు మొదటిది కదూ?' అంటూ అద్దం మీద రాయడం మొదలుపెట్టాడు. తనకు గుర్తున్నది తను, ఇన్సూరెన్సు ఏజెంటు గారికి గుర్తున్నది ఆయన, తలా ఒక ముక్క చెప్పి తుడిచేసిందంతా మళ్ళీ రాసేశారు. మనస్తత్వం దగ్గర కాస్త తగాదా పడ్డారు.

'ఆ సారు ఒప్పుకోకపోతే?' అంది మా అమ్మాయి.

'ఒప్పుకోకపోతే మూడో ఏడు మేమంతా గడ్డాలు పెంచుకుంటాం. కటింగుకు మీ నాన్న చాలడా?' అన్నారు ఏజెంటు గారు, మీసం లేని చోటు తడుముకుంటూ.

ఆమె ఇంకా ఫోను పట్టుకొని నిలబడే ఉంది. అప్పుడు కుర్చీలో నురగతో కూర్చున్న కండక్టరు గారు ముఖం ఎర్రగా చేసుకొని, కుర్చీ చేతిని దబదబా రెండుసార్లు చరిచి, 'రై... రైట్! రైట్!' అని కేక వేశారు. సందులో పోతున్న ఆటో ఆగిపోయింది. మా అమ్మాయి 'చేరుతున్నాను' అని నొక్కేసింది.

కనుక ఆమె చేరడం ఖాయమైంది. రెండేళ్ళా మూడేళ్ళా అన్నది మాత్రమే తమ చేతిలో ఉన్నది. మూడేళ్ళంటే మా సందు సందంతా గడ్డాలతో తిరుగుతుంది, ఆలోచించండి.

పోతే, తమలో గమనించానన్న విషయం. తమ ఎడమ చెవి పక్క జుట్టు కుడిదాని కంటే బాగా కిందికి దిగి ఉన్నది. ఎవరో తొందరలో చేసిన పని. ఎప్పుడైనా మా వైపు వస్తే దయచేయండి, సరిచేస్తాను. ఇది లంచం కాదు, అందరి దగ్గర తీసుకున్నట్టే తమ దగ్గరా డబ్బులు తీసుకుంటాను. కాకపోతే రద్దీగా ఉంటుంది, తమంతటివారు బల్ల మీద కూర్చోవలసి వస్తుందేమోనని నేను పైకే అనగా, కండక్టరు గారు తల అడ్డంగా ఊపి, మా అమ్మాయి నేర్పినట్టు పెదవులు బిగించి, 'ముం... ముందు... ఆయన' అన్నారు.

మాట పోకముందు కూడా ఆయన నోట ఆ మాట మేమెవరమూ వినలేదు.